కంకర దారిలో టైరు గుర్తులు: జేకబ్ వెటర్లింగ్ కేసు ఎక్కడ దారి తప్పింది

1989 అక్టోబర్ 22, ఆదివారం రాత్రి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ జోసెఫ్ అనే చిన్న ఊరు. పదకొండేళ్ల జేకబ్ వెటర్లింగ్, పదేళ్ల తమ్ముడు, ఇంకో స్నేహితుడు కలిసి దుకాణానికి వెళ్లి వీడియో క్యాసెట్ అద్దెకు తీసుకుని ఇంటికి తిరిగొస్తున్నారు. తొమ్మిదింపావు ప్రాంతంలో, ఒక పొలం ఇంటికి వెళ్లే కంకర దారి మొదట్లో, ముసుగు వేసుకున్న మనిషి తుపాకీతో అడ్డం వచ్చాడు. ముగ్గురినీ రోడ్డు పక్క గుంటలో బోర్లా పడుకోమన్నాడు. వయసులు అడిగాడు. తమ్ముడిని, తర్వాత స్నేహితుడిని పరుగెత్తమన్నాడు. వెనక్కి చూస్తే కాలుస్తానన్నాడు. వాళ్లు కాస్త దూరం పోయి వెనక్కి తిరిగేసరికి జేకబ్ లేడు, ఆ మనిషీ లేడు.

దాదాపు 27 ఏళ్లు ఈ కేసు తేలలేదు. 2016లో డానీ హైన్రిక్ అనే వ్యక్తి కోర్టులో నిలబడి తానే చేశానని ఒప్పుకున్నాడు. అతని పేరు పోలీసులకు 1989 డిసెంబర్ నాటికే తెలుసు. 1990 మొదట్లో అతని బూట్లు తీసుకున్నారు, కారు టైర్లు తీసుకున్నారు, వెంట్రుకలు తీసుకున్నారు, అదుపులోకి తీసుకుని వదిలేశారు. కేసు ఫైలు 2018లో బయటికి వచ్చింది, నలభై వేలకు పైగా పేజీలు. కావలసినవి చాలావరకు అందులోనే ఉన్నాయి. ఒక్కో చిన్న వివరం మీద ఎంత బరువు వేశారు, ఆ వివరం పక్కకు పోయినప్పుడు దానితోపాటు ఇంకేం పారేశారు అన్నదే అసలు తిరకాసు.

ముందు ఆ కంకర దారి సంగతి. అక్కడ టైరు గుర్తులు, షూ జాడలు దొరికాయి. కాబట్టి మొదటి ఊహ కారులో వచ్చాడు, కారులో తీసుకుపోయాడు అని. ఇది సబబైన ఊహే. అయితే టైరు గుర్తు దేన్ని చెబుతుంది, దేన్ని చెప్పదు అన్నది ఆ పని చేసేవాళ్లకు తెలుసు, చదివేవాళ్లకు సాధారణంగా తెలియదు.

గుర్తు దొరకగానే మొదట ఫొటో. కెమెరా నేలకు నిట్టనిలువుగా, స్కేలు గుర్తు లోతుతో సమానమైన మట్టంలో ఉండాలి. స్కేలును పైన నేల మీద పెట్టి, గుర్తు రెండు సెంటీమీటర్లు కింద ఉంటే కొలత తప్పుతుంది. తర్వాత లైటును పక్కనుంచి, నేలకు దగ్గరగా పెట్టి నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీస్తారు. నీడ పడితేనే గాడులు కనిపిస్తాయి. ఆ తర్వాత అచ్చు. పళ్ల డాక్టర్లు వాడే డెంటల్ స్టోన్ పొడి సుమారు 900 గ్రాములకు 300 నుంచి 350 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, పల్చటి దోసెల పిండిలా చేసి, గుర్తు మీద కాకుండా పక్కన పోసి లోపలికి పారనిస్తారు. మీద పోస్తే ధారకే గాడులు చెరిగిపోతాయి. అరగంట తర్వాత ఎత్తొచ్చు, కడగడానికి మాత్రం రెండు రోజులు ఆగాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేస్తే అచ్చు మెత్తగా ఉండి, మట్టి కడిగేటప్పుడే సన్నటి గీతలు పోతాయి. మామూలు కారు టైరు ఒక చుట్టు తిరగడానికి దాదాపు రెండు మీటర్ల నేల కావాలి. అంత పొడవూ అచ్చు తీయకపోతే టైరు మీద ఏదో ఒక చోట ఉన్న కోత, ఇరుక్కున్న రాయి ఆ ముక్కలో పడకపోవచ్చు. కంకర మీదైతే ఇంకో అవస్థ. మెత్తటి మట్టి ఉన్న చోటే గాడులు పడతాయి, మిగతాదంతా చెదిరిన రాళ్లే.

టైరు గాడుల నమూనా ఒక్కటే చాలదు. ఎడమ, కుడి టైర్ల మధ్య దూరం కొలవాలి. కారు తిన్నగా పోతే వెనక చక్రాలు ముందు చక్రాల గుర్తును తొక్కేస్తాయి. తిరిగిన చోట మాత్రమే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. అందుకే కారు తిప్పుకున్న చోటు బంగారం. ఒక కారు తిరిగిన చోటే ఇంకో కారు కూడా తిరిగితే మాత్రం అంతకంటే పెద్ద చిక్కు లేదు. ఏ గుర్తు ఏ గుర్తును తొక్కింది, షూ జాడ టైరు గాడి మీద పడిందా, కింద ఉందా అన్న వరస ఆ రాత్రే రాసుకోకపోతే మర్నాటికి దొరకదు. వెతకడానికి వచ్చిన జనం, వాళ్ల బళ్లు అన్నిటినీ కలిపేస్తాయి.

ఇక 2003. ఒకతను ముందుకొచ్చి, ఆ రాత్రి గొడవ విని చూద్దామని వచ్చాను, ఆ దారిలోనే కారు తిప్పుకుని వెళ్లాను అని చెప్పాడు. అతను చెప్పింది నిజమేనని పోలీసులు నమ్మారు. అబద్ధమని చెప్పడానికి ఆధారమూ లేదు. చూడటానికి ఇది చాలా మంచి వివరం. పద్నాలుగేళ్లుగా నేరస్థుడివనుకున్న టైరు గుర్తులు దారినపోయేవాడివని తేలాయి.

దాని మీద కట్టిన ఊహ ఏమిటంటే, కారు గుర్తులు వేరేవాడివి కాబట్టి నేరస్థుడికి కారే లేదు, నడిచి వచ్చాడు.

ఈ గెంతు చూడండి. సాక్షి వివరం వల్ల పోయేది ఒక్కటే: ఈ ఫలానా గుర్తులు నేరస్థుడి కారువి అన్న నమ్మకం. ఆ దారిలో ఇంకో కారు లేదని ఆ వివరం చెప్పదు. అదే దారిలో, అదే గంటలో, రెండు కార్లు రాకూడదా? కారు ఉందనడానికి ఉన్న ఒక ఆధారం పడిపోయింది, అంతే. కారు లేదనడానికి ఆధారం పుట్టలేదు. పిల్లలు కారు చూశామని చెప్పలేదు కాబట్టి ఆ మాట దీనికి తోడైంది. చీకట్లో గుంటలో బోర్లా పడుకుని, వెనక్కి చూస్తే చస్తావని విన్న పిల్లవాడికి, లైట్లు ఆర్పి ఆపిన కారు కనిపించకపోవడంలో వింతేముంది?

ఒకసారి నడిచి వచ్చాడు అనుకున్నాక లెక్కంతా మారిపోతుంది. సంఘటన తొమ్మిదింపావుకు, పోలీసులకు ఫోను తొమ్మిదిన్నరకు. పదిహేను నిమిషాల్లో, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 20 కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఫోను మోగేసరికే నేరస్థుడు పక్క ఊళ్లు దాటేసి ఉండొచ్చు. నడిచే మనిషి, అదీ ఒక పిల్లవాడిని బలవంతంగా లాక్కుపోయేవాడు, ఒక కిలోమీటరు దాటడం కష్టం. కాబట్టి నడక అన్న ఊహ పోలీసులను నేరుగా దగ్గర్లోని ఇంటికి తీసుకెళ్లింది. ఆ కంకర దారి చివర ఉన్న పొలం ఇంట్లో ఆ రాత్రి ఒక్కడే ఉన్న పొరుగాయన అనుమానితుడయ్యాడు. 2010లో ఆ పొలాన్ని యంత్రాలతో తవ్వి, మట్టి లారీల్లో తీసుకుపోయారు. అక్కడి పోలీసు అధికారి, అంటే షెరీఫ్, కార్యాలయం ఆయన మీద తమ దృష్టి ఉందని బహిరంగంగా చెప్పింది. ఏమీ దొరకలేదు.

ఆ పొరుగాయన తన వాకిట్లోకి ఆ రాత్రి ఒక కారు వచ్చి తిరిగి వెళ్లడం చూశానని మొదటినుంచీ చెబుతున్నాడు. కారు లేదని తేల్చుకున్నవాళ్లకు ఆ మాట సాక్ష్యంలా వినిపించలేదు, సాకులా వినిపించింది. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే పాఠంగా చదవాల్సిన చోటు ఇదే. వివరం మారలేదు. దాన్ని వినే చెవి మారింది.

2016లో హైన్రిక్ కోర్టులో చెప్పింది: రోడ్డు మీద పోతుంటే పిల్లలు దుకాణం వైపు వెళ్లడం కనిపించింది, ఆ దారిలోకి తిప్పి, కారు ముందు భాగం రోడ్డు వైపు పెట్టి, దాదాపు ఇరవై నిమిషాలు కాపు కాశాను అని. కారు ఉంది. 2003 సాక్షి చెప్పిన కారూ ఉంది. రెండూ నిజమే.

ఈ ఒప్పుకోలుతో ఇంకో పాత ఊహ కూడా కూలింది. ఆ రాత్రి తల్లిదండ్రులు ఇంట్లో లేరు, విందుకు వెళ్లారు. పిల్లలు ఫోను చేసి అనుమతి అడిగి, చీకట్లో కనబడేలా జేకబ్‌కు నాన్న మెరిసే చేతుల్లేని కోటు తొడిగి, టార్చి పట్టుకుని బయల్దేరారు. అంటే ఆ ప్రయాణం అప్పటికప్పుడు అనుకున్నది. మరి వాళ్లు ఆ దారిన వస్తారని ఎవరికి తెలుసు? ఈ ప్రశ్న ఎంత సహజంగా వస్తుందో, అంత సహజంగా తెలిసినవాళ్ల వైపు, దగ్గరివాళ్ల వైపు వేలు చూపిస్తుంది. జవాబు మాత్రం ఒకటే: వాళ్లు వస్తారని ముందుగా ఎవరికీ తెలియదు. పోయేటప్పుడు చూశాడు, వచ్చేటప్పుడు ఆపాడు. ఒకటే రోడ్డు, చివరలో ఇళ్లు. దుకాణానికి వెళ్లిన పిల్లలు తిరిగి రావాల్సిందే కదా.

ఇప్పుడు ల్యాబు సంగతి. 1990 జనవరిలో హైన్రిక్ తన బూట్లు, కారు వెనక టైర్లు ఇచ్చాడు. ఎఫ్‌బీఐ పరీక్షలో రెండూ ఘటనాస్థలంలోని జాడలకు సరిపోయే రకమేనని, అవే అని మాత్రం చెప్పలేమని వచ్చింది. ఈ రకం జవాబును దర్యాప్తు చేసేవాళ్లు రెండు విధాలుగా చెడగొడతారు. కొందరు దొరికాడని గంతులేస్తారు. ఇంకొందరు తేలలేదు కదా అని పక్కన పడేస్తారు. ఇక్కడ రెండోది జరిగింది.

నిజానికి ల్యాబు జవాబులు మూడు మెట్లు. ఇది కాదు అన్నది ఒకటి: నమూనా వేరు, కొలత వేరు, ఇక మాటల్లేవు. ఇదే అన్నది ఇంకొకటి: ఆ ఒక్క టైరుకే ఉండే కోత, ఆ ఒక్క మడమకే ఉండే అరుగు అచ్చులో కనిపించాలి. మధ్యది, తోసిపుచ్చలేం అన్నది. చాలా జవాబులు ఇక్కడే ఆగుతాయి, ఎందుకంటే నేరం అక్టోబర్‌లో, టైరు చేతికొచ్చింది జనవరిలో. మూడు నెలల్లో టైరు అరుగుతుంది, ఇరుక్కున్న రాయి రాలిపోతుంది, కొత్త కోతలు పడతాయి. బూటు సంగతీ అంతే. కాబట్టి అవే అని చెప్పలేకపోవడం అతని అమాయకత్వానికి గుర్తు కాదు, ఆలస్యానికి గుర్తు.

మధ్య మెట్టు జవాబుకు విలువ ఎంతో లెక్కగా చూద్దాం. ఇవి కేవలం లెక్క కోసం వేసుకున్న అంకెలు. ఒక రకం టైరు ప్రతి 50 కార్లలో ఒకదానికి ఉందనుకోండి, ఒక రకం బూటు ప్రతి 40 మందిలో ఒకరికి ఉందనుకోండి. రెండూ ఒకడికే ఉండటం 2,000 మందిలో ఒకరికి. లక్ష మంది ఉన్న ప్రాంతంలో ఇంకా 50 మంది మిగులుతారు. అంటే ఇతనే అనడానికి ఎంతమాత్రం చాలదు, కానీ ఫైలు మూసేయడానికీ వీల్లేదు. అదీ రెండు వివరాలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడే ఈ గుణకారం చెల్లుతుంది. ఆ ఊళ్లో ఒకే దుకాణం టైర్లూ బూట్లూ రెండూ అమ్మితే, అక్కడ కొనేవాళ్లందరికీ రెండూ ఉంటాయి, లెక్క తప్పుతుంది.

మిగిలిన 50 మందిని ఒకరికి తగ్గించేది పక్క కేసులు. 1989 జనవరిలో, అంటే జేకబ్ కేసుకు తొమ్మిది నెలల ముందు, అక్కడికి దగ్గర్లోని కోల్డ్ స్ప్రింగ్ అనే ఊళ్లో పన్నెండేళ్ల కుర్రాడిని ఒకడు కారులో ఎక్కించుకుపోయి, అత్యాచారం చేసి, వదిలేస్తూ పరుగెత్తు, వెనక్కి చూస్తే కాలుస్తానన్నాడు. అంతకు ముందు, 1986 నుంచి పెయిన్స్‌విల్ అనే ఊళ్లో చాలామంది మగపిల్లల మీద చీకట్లో ముసుగు మనిషి దాడులు చేశాడు. హైన్రిక్ పెయిన్స్‌విల్ వాడే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. వేరే కేసులోని ఆధారాన్ని ఈ కేసులో కలపాలంటే, రెండూ ఒకడే చేశాడని ముందు తేలాలి. లేకపోతే కలపడమే ఒక ఊహ, దాని మీద ఇంకో ఊహ. కాలుస్తానని బెదిరించడం ఏ తుపాకీవాడైనా చేసేదే, దానికి విలువ తక్కువ. విలువ ఉన్నది వరసకు: ముసుగు, లోగొంతు, వదిలేటప్పుడు పరుగెత్తించడం, వెనక్కి చూడొద్దనడం, లక్ష్యం ఎప్పుడూ ఆ వయసు మగపిల్లలే కావడం. ఇవన్నీ ఒకే చిన్న ప్రాంతంలో, రెండు మూడేళ్లలో జరగడం. సాక్షుల మాటల్ని పోలీసు భాషలోకి కుదించి రాసినప్పుడు మొదట పోయేది ఇదే. దుండగుడు బెదిరించి పరారయ్యాడు అని రాస్తే మూడు కేసులూ ఒకటే, ముప్పై కేసులూ ఒకటే. పిల్లవాడు చెప్పిన మాట చెప్పినట్టు రాస్తేనే పోలిక కనిపిస్తుంది.

పెయిన్స్‌విల్ దాడులను జేకబ్ కేసుతో జోడించి గట్టిగా అడిగినది 2013 తర్వాత, కోల్డ్ స్ప్రింగ్ బాధితుడు, స్థానికంగా రాసే ఒక మహిళ. పాత వార్తాపత్రికలు తిరగేసి, అప్పటి పిల్లల్ని, ఇప్పుడు పెద్దవాళ్లైనవాళ్లను వెతికి పట్టుకున్నారు. ఆ సమాచారం పోలీసు ఫైల్లో ముందే ఉందన్నది తర్వాత బయటపడింది. 2018లో ఫైలు విడుదల చేసినప్పుడు అప్పటి షెరీఫే 1990 నాటి విచారణను కడిగి పారేశాడు.

చివరికి తలుపు తెరిచినది కోల్డ్ స్ప్రింగ్ కుర్రాడి చొక్కా. 1989 జనవరిలో భద్రపరిచిన ఆ బట్ట మీద దొరికిన డీఎన్ఏను, 1990లో హైన్రిక్ నుంచి తీసి దాచిన వెంట్రుకల డీఎన్ఏతో 2015లో పోల్చారు. కలిసింది. కొత్త సాక్షి లేడు, కొత్త వస్తువు లేదు. రెండు వస్తువులూ పాతికేళ్లు ఒకే వ్యవస్థ చేతిలో ఉన్నాయి. 1990లో అంత చిన్న నమూనా మీద పనిచేసే పరీక్ష అందుబాటులో లేదన్నది నిజమే, తర్వాత వచ్చాక ఎవరూ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టలేదన్నదీ నిజమే.

ఆ చొక్కా పనికొచ్చిందంటే దాచిన తీరు కూడా కారణం. తడి బట్టను ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పట్టి డీఎన్ఏ చెడిపోతుంది. గాలికి ఆరబెట్టి, ఒక్కో వస్తువును వేరే కాగితపు సంచిలో పెట్టి, ఎవరు ఎప్పుడు తెరిచారో సంచి మీదే రాయాలి. రెండు వస్తువులు ఒకే సంచిలో పెడితే ఒకదాని మరక ఇంకోదానికి అంటుకుంటుంది, తర్వాత ఎంత మంచి ల్యాబైనా చేసేదేమీ ఉండదు. ఇళ్లల్లో కూడా, ఏదైనా జరిగితే పిల్లల బట్టలు ఉతకొద్దు, స్నానం చేయించొద్దు అని చెప్పేది ఇందుకే.

మన దగ్గర మొదటి ఊహ సమస్య ఇంకో రూపంలో ఉంటుంది. పిల్లవాడు కనబడటం లేదని స్టేషన్‌కు వెళ్తే, అలిగి పోయుంటాడు, రేపటికి వస్తాడు అనడం మనందరం విన్నదే. బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే పిల్లల హక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 మే నెలలో దీన్ని తిరగేసింది. కనబడని పిల్లల విషయంలో ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, మొదటి ఊహ అపహరణ లేదా అక్రమ రవాణా అనే ఉండాలి, కాదని దర్యాప్తులో తేలితే అప్పుడు మార్చుకోవచ్చు. ఫిర్యాదు ఇచ్చేవాళ్లు కూడా అందులో చివరిసారి ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు చూశారు, ఏం బట్టలు, చేతిలో ఏం ఉంది, ఫోను ఉంటే ఎప్పుడు ఆగింది అన్నవి విడివిడిగా రాయాలి. తమ ఊహను ఆ వాక్యాల్లో కలపకూడదు. ఫలానావాడే ఎత్తుకుపోయాడు అని ఉంటే అది వేరే వాక్యంగా, ఎందుకలా అనుకుంటున్నారో కారణంతో ఉండాలి. కనిపించినదీ, అనుకున్నదీ ఒకే వాక్యంలో పడితే, అనుకున్నది తప్పని తేలిన రోజున కనిపించినదాన్ని కూడా కొట్టేస్తారు.

2015 డీఎన్ఏ ఫలితంతో హైన్రిక్ ఇంట్లో సోదా జరిగింది, పిల్లల అసభ్య చిత్రాలు దొరికాయి. కోల్డ్ స్ప్రింగ్ నేరానికి కేసు పెట్టే కాలపరిమితి అప్పటికే దాటిపోయింది, కాబట్టి డీఎన్ఏ కలిసినా ఆ నేరం కింద శిక్ష పడే వీలు లేదు. చిత్రాల కేసులో ప్రభుత్వ లాయర్లతో బేరం కుదిరింది: ఒక నేరం ఒప్పుకుంటాడు, జేకబ్‌కు ఏం జరిగిందో పూర్తిగా చెబుతాడు, జేకబ్‌ను పూడ్చిన చోటు చూపిస్తాడు. బదులుగా హత్య కేసు ఉండదు. 2016 సెప్టెంబర్ మొదట్లో పెయిన్స్‌విల్ దగ్గర ఒక పొలంలో తవ్వితే అవశేషాలు, ఎర్రటి జాకెట్ దొరికాయి. అదే సంవత్సరం నవంబర్‌లో అతనికి 20 ఏళ్ల జైలు పడింది, ఆ ఒక్క చిత్రాల నేరానికి.